ఫోన్లు హాజరు, ఓబులేశ్వరి గైర్హాజరు

ఎర్రమిట్ట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో విద్యార్థి అంటే ఎవరన్న సందేహం అంతవరకూ ఎవరికీ కలగలేదు. పొద్దున్నే బస్సు దిగి, గేటు పక్క బండి దగ్గర బోండాలు తిని, మొదటి పీరియడు సగం గడిచాక వచ్చి వెనక బెంచీలో కునికేవాణ్ణి చూసి, ఇతడే విద్యార్థి కాబోలని అందరూ అనుకునేవారు. ఈ దురభిప్రాయాన్ని తొలగిస్తూ, ఆ ఏడు కళాశాల తెరిచిన వారంలోనే రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. సంచార విద్యా పథకం కింద వెలువడిన ఆ ఉత్తర్వులో రెండో పేరా ఇలా ఉంది:

"ఈ పథకము నిమిత్తము విద్యార్థి యనగా, కళాశాల వైర్‌లెస్ పరిధియందు నమోదై, తన ఉనికిని ఎప్పటికప్పుడు తెలియజేయుచుండు చేతి పరికరము."

ప్రిన్సిపాల్ వరదరాజులు స్టాఫ్ రూములో ఈ పేరాను రెండుసార్లు చదివి వినిపించాడు. మొదటిసారి అర్థం కాక, రెండోసారి అర్థమైనట్లు.

"పరికరమంటే ఏమిటండీ?" అని వృక్షశాస్త్రం చెప్పే తిరుమలాంబ అడిగింది.

"ఫోను మేడమ్. పిల్లోడి జేబులో ఉంటాది కదా. పిల్లోడు లోపలికి వస్తే ఫోను వస్తాది. ఫోను వస్తే వైఫై పట్టుకుంటాది. పట్టుకుంటే హాజరు పడిపోతాది. మీరు నోరు నొప్పి పెట్టేట్లు పేర్లు పిలిచే పని లేదు."

"పిల్లవాడు వచ్చి ఫోను రాకపోతే?"

వరదరాజులు ఉత్తర్వు తిరగేశాడు. "అట్లయితే రానట్లే మేడమ్."

"ఫోను వచ్చి పిల్లవాడు రాకపోతే?"

"అట్లెందుకైతాది? ఈ కాలం పిల్లోళ్ళు ఫోను ఇడిసి ఒక్క నిమిషం ఉంటారా మేడమ్?"

స్టాఫ్ రూమంతా నవ్వింది. తిరుమలాంబ నవ్వలేదు. ఎండబెట్టి అట్టకు కుట్టిన ఆకును మొక్క అనకూడదని ఆమె ప్రతి ఏడూ మొదటి పాఠంలో చెబుతుంది. ఆ మాట ఇక్కడ కూడా చెప్పవలసి వస్తుందని ఆమె ఊహించలేదు. అధ్యాపకులకూ ఇదే నియమం వర్తిస్తుందని ఉత్తర్వు చివర ఉంది. అందరితో పాటు ఆమె కూడా తన ఫోనును నమోదు చేయించి, చేతిసంచిలో వేసుకుని తరగతికి వెళ్ళింది.

మూడో సంవత్సరం బీఎస్సీలో మొదటి బెంచీ కొసన కూర్చునే పిల్ల పేరు ఓబులేశ్వరి. తండ్రి కదిరప్ప గొర్రెలు కాస్తాడు. ఆ ఇంటికంతటికీ ఉన్నది ఒకే ఒక బటన్ల ఫోను. దాన్ని కదిరప్ప తాడు కట్టి మెడకు తగిలించుకుని మందతో పాటు గుట్టలెక్కుతాడు. ఓబులేశ్వరి మాత్రం రోజూ కళాశాలకు వస్తుంది. తిరుమలాంబ గోడగడియారాన్ని సరిచేసుకోవాలంటే ఆ పిల్ల గేటు దాటే వేళను చూస్తే చాలు.

నెల తిరిగేసరికి నోటీసు బోర్డు మీద హాజరు పట్టీ వేశారు. ఓబులేశ్వరి పేరుకు ఎదురుగా సున్నా ఉంది.

"నేను ఈడ్నే ఉండా కదా మేడమ్!" అంది ఆ పిల్ల. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నిన్న మీరు బోర్డు మీద బొమ్మేసింది కూడా నేనే తుడిసినా. డెబ్బై అయిదు శాతం లేకుంటే పరీక్ష రాయనీరంట. ఇదే ఆఖరి సంవచ్చరం మేడమ్. ఈసారి కాకపోతే మా నాయన మళ్ళా పంపీడు. మా మేనత్త కొడుకు కాసుకోనుండాడు."

తిరుమలాంబ ఆమెను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, ఈ అమ్మాయి రోజూ వస్తోంది. ఇప్పుడు మీ ఎదురుగా నిలబడి ఉంది."

వరదరాజులు ఓబులేశ్వరి వైపు చూడలేదు. తన కంప్యూటరు వైపు చూశాడు. చాలాసేపు వెతికాడు. "కనపడలేదు మేడమ్," అన్నాడు నిజాయితీగా.

"ఫోను కొనిపిస్తే?"

"కొన్న దినం నుంచి లెక్క. ఎనకటిది రాదు. హాజరు ఫోనుది కదా, మనిషిది కాదు."

ఈ సంభాషణ తలుపు బయట నిలబడ్డ మారుతి అనే విద్యార్థి విన్నాడు. చదువులో అతనికి ఎన్నడూ లేని ఏకాగ్రత ఆ క్షణంలో కుదిరింది. మర్నాడు తరగతి మొదలవుతుండగా వచ్చి, తన ఫోనును బల్ల మీద పెట్టి, దండం పెట్టినంత వినయంగా అన్నాడు.

"మేడమ్, నేను ఉండా. పోయొస్తా."

"ఎక్కడికి?"

"మా మామ టైల్స్ అంగడి పెట్నాడు మేడమ్. మధ్యానందాకా ఆడ కూచోవల్ల. మీరు చెప్పండి, ఫోను వింటాంటాది."

వారం తిరగకుండానే ఆ పద్ధతి స్థిరపడింది. ఎర్రమిట్ట బస్టాండు ఎదుట ఉన్న పాత ఫోన్ల అంగడిలో 'కాలేజీ ఫోన్లు' అన్న కొత్త సరుకు వెలిసింది. అద్దం పగిలినవి, మాట వినపడనివి, కెమెరా చచ్చినవి, వైఫై మాత్రం పట్టేవి. మంచి ఫోనును వెంట ఉంచుకుని, కాలేజీ ఫోనును చదువుకు పంపేవారు. ఒక్కో ఊరి నుంచి ఒక్కడే బస్సెక్కి, ఊరందరి ఫోన్లూ గోనెసంచిలో వేసుకుని వచ్చేవాడు. బస్సు కండక్టరు మాత్రం ఆ ఒక్కడికే టికెట్టు కొట్టేవాడు. ఉత్తర్వు ఇంకా రవాణా శాఖకు చేరలేదు.

కళాశాల హాజరు నూటికి నూరుకు చేరింది. వరదరాజులు ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడని అంకె అది. బెంచీలు తీయించి, గోడల వెంబడి చిన్నచిన్న గూళ్ళున్న చెక్క బీరువాలు పెట్టించాడు. ఒక్కో గూటికీ ఒక్కో పేరు, ఒక్కో చార్జింగు తీగ. ఆపైన అధ్యాపకులు కూడా ఆలోచించారు. విద్యార్థి ఫోను అయినప్పుడు గురువు మనిషి కావలసిన అగత్యమేమిటి? అర్థశాస్త్రం ఆయన తన పాఠాన్ని రికార్డు చేసి, ఫోనును బల్ల మీద పెట్టి, మీట నొక్కి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఫోను చెప్పేది, ఫోన్లు వినేవి. క్రమశిక్షణలో ఏనాడూ ఇంత శాంతి లేదని ఆయన స్టాఫ్ రూములో సంతృప్తి ప్రకటించాడు. ఆ సంతృప్తి కూడా ఫోనులోనే.

వృక్షశాస్త్రం గదిలో మాత్రం తిరుమలాంబ నిలబడి పాఠం చెప్పేది. గూళ్ళ నిండా ఫోన్లు. మధ్యలో మిగిలిన ఒక్క బెంచీ మీద ఓబులేశ్వరి.

ఇది ప్రిన్సిపాల్‌కు ఇబ్బందిగా పరిణమించింది. "మేడమ్, తరగతి జరిగేటప్పుడు నమోదు కాని వ్యక్తులు లోపల ఉండరాదని ఉత్తర్వులో ఉంది. ఈ పాపను బయటికి పంపాల. పైవాళ్ళు తనిఖీకి వస్తాండారు. గదిలో మనిషి కనపడితే నన్నడుగుతారు."

"ఆ ఉత్తర్వు ఒకసారి ఇవ్వండి," అంది తిరుమలాంబ.

జీవితమంతా చిన్న అక్షరాల పుస్తకాలు చదివిన మనిషి ఆమె. ఆ ఉత్తర్వును తీరిగ్గా, చివరిదాకా చదివిన వ్యక్తి రాష్ట్రంలో బహుశా ఆమె ఒక్కతే. పదకొండో పేరాలో వేలు పెట్టి చూపింది. "పరికరముల చార్జింగు తదితర అవసరముల నిమిత్తము తరగతి గదియందు ఒక సంరక్షకుని నియమించుకొనవచ్చును."

వరదరాజులు ముఖం తేటపడింది. "అట్ల చెప్పండి మేడమ్! చార్జింగుకైతే ఉండొచ్చు. విద్యార్థిగా అయితేనే కుదరదు."

ఆనాటి నుంచి ఓబులేశ్వరి తరగతిలో అధికారికంగా ఉంది. ఒక చేత్తో నోట్సు రాసుకునేది, మరో చేత్తో చార్జింగు దిగిపోతున్న ఫోన్లకు తీగలు తగిలించేది.

"మారుతి ఫోను బ్యాటరీ మళ్ళా ఉబ్బింది మేడమ్," అనేది మధ్యలో. "దీనికి పాఠం ఎక్కువైనట్లుంది."

"తీసి నీడలో పెట్టు. ఎక్కడున్నాం?"

"పత్రరంధ్రాల కాడ."

తనిఖీకి సంచార విద్యా సంచాలకులు హేమచంద్ర స్వయంగా వచ్చాడు. వృక్షశాస్త్రం గది గుమ్మంలో నిలబడి, గోడల వెంట మిణుకుమంటున్న ఫోన్లను చూసి కొంతసేపు మాట రాక ఊరుకున్నాడు. మాట వచ్చాక ఆపడం కష్టమైంది.

"ఇదీ మనము కోరినది! విద్యార్థి కేంద్రిత, అంతరాయరహిత, సార్వకాలిక అభ్యసన వాతావరణము! ఒక్క గుసగుస లేదు, ఒక్క ఆవలింత లేదు!"

సరిగ్గా అప్పుడు మారుతి ఫోను మోగింది. ఒకటి మోగగానే పక్కవీ అందుకున్నాయి. పాటలు, పిల్లల ఏడుపులు, గుడిగంటలు.

"చూచితిరా, స్పందన!" అన్నాడు హేమచంద్ర. "నేనొక ప్రశ్న వేసెదను. ఎండవేళ ఆకుపై రంధ్రములు ఏల ముడుచుకొనును?"

ఫోన్లు మౌనం వహించాయి. కిటికీ దగ్గర తీగ విప్పుతున్న ఓబులేశ్వరి ఉండబట్టలేకపోయింది.

"నీళ్ళు పోకుండా సార్. ఆకులోని నీళ్ళు ఆవిరై పోతే వాడిపోతాది కదా. కాపలా కణాలు నీళ్ళు తగ్గి వదులైతాయి, అప్పుడు రంధ్రం మూసుకుంటాది."

సంచాలకులు ఉలిక్కిపడ్డాడు. "ఈమె ఎవరు?"

"చార్జింగు సార్," అన్నాడు వరదరాజులు తొందరగా.

"సంరక్షక సిబ్బంది తరగతి నడుచునపుడు సంభాషించుట పథక స్ఫూర్తికి విరుద్ధము. విద్యార్థుల దృష్టి మరలును."

ఆయన ఫోన్లన్నిటికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. తిరుమలాంబ సుద్దముక్క కింద పెట్టకుండా ఆ నమస్కారం పూర్తయ్యేదాకా ఆగి, పాఠాన్ని ఆగిన వాక్యం నుంచే కొనసాగించింది.

పరీక్షలకు ముందు అర్హుల జాబితా వచ్చింది. తరగతిలోని ఫోన్లన్నీ అర్హత పొందాయి. అందులో ఒక ఫోను యజమాని రెండు నెలల కిందటే బెంగళూరులో ఉద్యోగంలో చేరి, పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఓబులేశ్వరి పేరు జాబితాలో లేదు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినలేదు. ఫోన్లకు మాత్రం వేళకు చార్జింగు పెట్టింది.

తిరుమలాంబ మళ్ళీ ఉత్తర్వు తెరిచింది. ఈసారి అనుబంధాల దగ్గర ఆగింది. తర్వాత ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి కూర్చుంది.

"సార్, ఒక పరికరాన్ని ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మార్చవచ్చని ఉంది. పరికరంతో పాటు దాని హాజరు కూడా మారుతుందని ఉంది."

"అవును మేడమ్. హాజరు ఫోనుదే కదా."

"ఏడాది పొడవునా, ఒక్క రోజు తప్పకుండా, ఈ కళాశాలకు వచ్చిన ఫోను ఒకటి ఉంది."

"ఎవురిది?"

ఆమె చేతిసంచి తెరిచి, తన ఫోనును ఆయన బల్ల మీద పెట్టింది. "దీన్ని ఓబులేశ్వరి పేరుకు మార్చండి."

వరదరాజులు చెడ్డవాడు కాదు. తలపట్టుకున్నాడు. "మేడమ్, అట్ల జేస్తే మీ హాజరంతా ఆ పాపకు పోతాది. మీరు ఏడాదంతా రానట్లైతాది. రిటైరుమెంటు ముందర ఇదంతా మీకెందుకు మేడమ్?"

"నేను వచ్చానని మీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు మేడమ్. రోజూ చూస్తాండా కదా."

"మరి రాసి ఇవ్వగలరా?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. మీట నొక్కాడు. ఆ క్షణం నుంచి, ఉత్తర్వు లెక్కలో, ఆ గదిలో ఉన్నది వరదరాజులూ ఓబులేశ్వరీ.

పరీక్ష కూడా ఫోన్లలోనే. "పరికరము ప్రశ్నాపత్రమును స్వయముగా స్వీకరించి, నిర్ణీత సమయానంతరము స్వయముగా సమర్పించును" అని సూచనలలో ఉంది. విద్యార్థులకు ఇంతకు మించిన భరోసా అక్కరలేకపోయింది. ఏడాదంతా హాజరైన ఫోను, పాఠాలన్నీ విన్న ఫోను, పరీక్ష మాత్రం రాయలేకపోతుందా?

"అదే తీసుకుంటాదంట, అదే ఇచ్చేస్తాదంట మేడమ్," అన్నాడు మారుతి, కొత్త అంగీలో టైల్స్ అంగడికి బయలుదేరుతూ. "బాగా వినింది లెండి పాపం, రాసేస్తాది."

పరీక్ష హాలులో ఫోన్లు వరుసగా బల్లల మీద పడుకున్నాయి. వాటికి కాపలాగా ఒక ఫోను. చార్జింగు నిమిత్తం లోపలికి అనుమతి ఉన్న ఓబులేశ్వరి చివరి బల్ల దగ్గర, తన పేరున్న ఫోను ముందు కూర్చుని, ప్రశ్నలను చదివి, ఆలోచించి, ఒక్కొక్కదానికే జవాబు రాసింది. మధ్యలో రెండుసార్లు లేచి వాడిపోతున్న ఫోన్లకు తీగలు పెట్టి వచ్చింది. గడువు ముగియగానే ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి. వందకు వంద శాతం సమర్పణ.

ఫలితాలు వచ్చాయి. ఒక్కటి తప్ప జవాబుపత్రాలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇంతమంది ఒకే స్థాయిలో ఉన్నారంటే ఆ స్థాయినే ప్రమాణంగా తీసుకోవాలని మూల్యాంకన సంఘం తీర్మానించి, అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించింది. ఓబులేశ్వరి ఫలితాన్ని మాత్రం నిలిపివేసి, విచారణ వేసింది.

విచారణకు హేమచంద్రే అధ్యక్షుడు. వరదరాజులు గదిలో బల్లకు అటువైపు ఆయన, ఇటువైపు తిరుమలాంబ, గోడకు ఆనుకుని ఓబులేశ్వరి.

"ఈ ఒక్క పరికరము తక్కిన పరికరముల సరళికి భిన్నముగా ప్రవర్తించినది," అని ఆయన మొదలుపెట్టాడు. "జవాబులన్నియు దాదాపుగా సరియైనవే. అనుమానమునకు ఇదియే ప్రధాన హేతువు. పరీక్షయందు మానవ ప్రమేయము జరిగినదని మా అభియోగము. జరిగినదా?"

"జరిగింది," అంది తిరుమలాంబ.

వరదరాజులు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరి ప్రమేయము?"

"ఓబులేశ్వరిది. తనకు తెలిసిన జవాబులు తాను రాసింది."

"విద్యార్థిని స్వయముగా ఇట్టి అక్రమమునకు పాల్పడినదా!"

"లేదండి. మీ ఉత్తర్వు రెండో పేరా ప్రకారం విద్యార్థిని ఫోను. అది పక్క బల్ల వైపు చూడలేదు, చీటీ తేలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. దానిలో ఏ తప్పూ లేదు."

"మరి ఈ అమ్మాయి?"

"పదకొండో పేరా ప్రకారం సంరక్షకురాలు."

"సంరక్షకురాలు పరికరమును తాకవచ్చునా?"

"తాకకుండా చార్జింగు ఎట్ల పెడతారు సార్?" అని వరదరాజులు కళ్ళు తెరవకుండానే అన్నాడు. ఆయన సర్వీసులో అంతటి సాహసం అదే మొదలు, అదే చివర.

హేమచంద్ర చాలాసేపు ఉత్తర్వును తిరగేశాడు. దాన్ని ఆయనే రాశాడు గనుక, చదవడం ఇదే మొదటిసారి. సాయంత్రానికి తీర్పు వెలువడింది. విద్యార్థిని నిర్దోషి. అక్రమం చేసిన వ్యక్తి విద్యార్థి కానందున శిక్షకు అర్హురాలు కాదు. కనుక పరికరం ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణం. పట్టా దాని లోపలే నిక్షిప్తమై ఉంటుంది. వేరొక పరికరానికి మార్చడానికి వీలు లేదు. ఇక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు ఏడాది పొడవునా విధులకు గైర్హాజరైనట్లు విచారణలో వెల్లడైనందున ఆమెపై చర్య తీసుకొనవలెను. ఆమె నేటి విచారణకు కూడా హాజరు కానందున, ఆమె వివరణ నమోదు కాలేదు.

మరునాడు కదిరప్ప గొంగడి భుజాన వేసుకుని కళాశాలకు వచ్చాడు. తిరుమలాంబ తన ఫోనును అతని చేతిలో పెట్టింది.

"ఒద్దు మేడమ్. ఊరికే ఎట్ల తీసుకునేది?" అని అతడు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఇది నాది కాదు కదిరప్పా. రాజధానిలో అడిగితే మీ పాప ఇదే అంటారు."

కదిరప్ప ఫోను వైపు చూశాడు. పక్కన నిలబడ్డ కూతురి వైపు చూశాడు. "ఇద్దరు పాపలా మేడమ్ నాకు?" అన్నాడు. ఓబులేశ్వరి పకపకా నవ్వి, వెంటనే ముఖం తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తండ్రి తన మెడలోని ఉన్ని తాడు విప్పి, బటన్ల ఫోనును జేబులో పడేసుకుని, ఆ తాడును కొత్త ఫోనుకు ముడి వేసి కూతురి మెడలో తగిలించాడు.

"జారనీగాకు. జారితే సదువంతా పోతాది," అన్నాడు. "మీ మేనత్తకు నేను చెప్తాలే. పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టుకోపో."

కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. తిరుమలాంబపై చర్య గురించిన ఫైలు రాజధానిలో నడుస్తూనే ఉంది. తదుపరి ఆదేశాల దాకా ఆమెను రాని వ్యక్తిగా పరిగణించాలన్నారు గానీ, రాని వ్యక్తి రాకూడదని మాత్రం ఏ పేరాలోనూ లేదు. ఆమె యథాప్రకారం గంట కొట్టేవేళకు వృక్షశాస్త్రం గదిలోకి వచ్చింది. గూళ్ళ నిండా కొత్త ఫోన్లు మిణుకుమంటున్నాయి. ఆమె చేతిసంచిలో ఆ బరువు లేదు.

ఒక్క బెంచీ మీద, తండా నుంచి వచ్చిన ఒక పిల్ల పుస్తకాన్ని గుండెకు హత్తుకుని కూర్చుని ఉంది. ఆమెను చూడగానే కంగారుగా లేచి నిలబడింది.

"మేడమ్, నాకు ఫోను లేదు. రాలేదని రాస్తారంట. కానీ నేను ఈడ్నే ఉండా."

తిరుమలాంబ సుద్దముక్క తీసుకుంది.

"నేనూ రాలేదు," అంది. "పుస్తకం తెరువు."